కర్ణభేరి ఊగితే చాలదా, మధ్యలో ఆ మూడు ఎముకలు ఎందుకు?

మబ్బుతునక:
చాలా రోజుల నుంచి ఒక డౌట్ అండి. ఏ పుస్తకం చూసినా కర్ణభేరి, మూడు చిన్న ఎముకలు, కాక్లియా, నరం అని బొమ్మ వేసి పేర్లు రాసి వదిలేస్తారు. శబ్దం తగిలితే కర్ణభేరి ఎలాగూ ఊగుతుంది కదా, ఆ ఊపుని నరమే పట్టుకుని మెదడుకి పంపేస్తే సరిపోదా? మధ్యలో ఎముకలు దేనికి, కాక్లియా లోపల ఆ నీళ్లు దేనికి? ఇంకోటి, సన్న గొంతు, బొంగురు గొంతు అనే తేడా చెవిలోనే తేలుతుందా, మెదడు తేలుస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ధ్వనిబాట:
మంచి ప్రశ్న, ఆడియాలజీ (వినికిడి గురించిన చదువు) చదివేటప్పుడు నాకు బాగా నచ్చిన టాపిక్ ఇదే. ముందు నీళ్ల సంగతి చెప్తాను, అది తెలిస్తే ఎముకలు ఎందుకో దానంతటదే తెలుస్తుంది.

నరానికి ఊపు తెలీదండి, దానికి కరెంటు సిగ్నల్ కావాలి. ఊపుని సిగ్నల్‌గా మార్చేవి కాక్లియాలో, అంటే లోపలి చెవిలో నీళ్లు నిండిన చుట్ట గొట్టంలో, ఉండే హెయిర్ సెల్స్. వాటి తల మీద సన్నటి నూగు ఉంటుంది, ఆ నూగు మునిగి ఉండే ద్రవంలో పొటాషియం బాగా ఎక్కువ. నూగు ఒక పక్కకి వంగగానే చిన్న చిన్న దారులు తెరుచుకుని పొటాషియం లోపలికి దూరుతుంది, సెల్‌లో వోల్టేజి మారుతుంది, అప్పుడు కింద ఉన్న నరానికి కబురు వెళ్తుంది. అంటే ఆ ద్రవం లేకపోతే సిగ్నలే లేదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే గాల్లో వచ్చే శబ్దం నీటిని తాకితే దాదాపు 99.9 శాతం శక్తి వెనక్కి తిరిగిపోతుంది, నీళ్లలో మునిగి ఉన్నప్పుడు పైన మాట్లాడేవాళ్ల మాటలు సరిగ్గా వినపడవు చూడండి, కారణం ఇదే. దాన్ని దాటించడానికే ఎముకలు. కర్ణభేరి మీద పడ్డ తోపుని మాలియస్, ఇంకస్, స్టేపీస్ అనే ఆ మూడు ఎముకలు వరసగా మోసుకెళ్లి కాక్లియా కిటికీ (పొరతో మూసిన చిన్న రంధ్రం) మీద పెడతాయి. ఆ కిటికీలో కూర్చునే స్టేపీస్ అడుగుభాగం కంటే కర్ణభేరి సుమారు 17 రెట్లు పెద్దది, కాబట్టి అదే తోపు చిన్న చోట పడి ప్రెషర్ పెరుగుతుంది, డ్రాయింగ్ పిన్ తల మీద నొక్కితే మొన గోడలోకి దిగినట్టు. ఎముకల లీవర్ వల్ల ఇంకాస్త కలిసి మొత్తం 20 రెట్ల పైనే. స్టేపీస్ అయితే 3 మిల్లీమీటర్లే ఉంటుంది, ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక.

ఆలాపన:
బాగా చెప్పారు. అయితే దీన్ని చదివి ఎముకలు సౌండ్‌ని యాంప్లిఫై చేస్తాయి అనుకోవద్దు, అవి కొత్త శక్తి ఏమీ కలపవు. అసలు పెంచేది కాక్లియాలోని ఔటర్ హెయిర్ సెల్స్, సౌండ్‌కి తగ్గట్టు పొట్టిగా పొడుగ్గా అవుతూ చిన్న శబ్దాలని పైకి లేపుతాయి. ఈ కదలిక వల్ల చెవిలోంచి చాలా సన్నటి శబ్దం బయటికి కూడా వస్తుంది! 1978లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త మైకు పెట్టి దాన్ని పట్టుకున్నాడు, ఇప్పుడు అప్పుడే పుట్టిన పిల్లలకి వినికిడి చూసే టెస్టుల్లో ఒకటి దాని మీదే నడుస్తుంది, పాప నిద్రపోతున్నా చెయ్యొచ్చు.

సన్న బొంగురు సంగతికొస్తే, కాక్లియా అంటే చుట్టలు తిరిగిన గొట్టం, లోపల బేసిలార్ పొర అని సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొర ఉంటుంది. మొదట్లో ఇరుకుగా బిర్రుగా, చివరికి వెళ్లేకొద్దీ వెడల్పుగా వదులుగా. సన్న శబ్దాలకి మొదటి భాగం, బొంగురు శబ్దాలకి చివరి భాగం బాగా ఊగుతుంది, ఈ అల ఎలా నడుస్తుందో చూపించినందుకే బెకెషీ అనే శాస్త్రవేత్తకి 1961లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి విడదీయడం చాలావరకు చెవిలోనే అయిపోతుంది, కానీ బొంగురు శబ్దాలకి నరం ఏ వేగంతో సిగ్నల్స్ పంపుతుందో కూడా మెదడు లెక్కలోకి తీసుకుంటుంది, అంటే మీ ప్రశ్నకి రెండూ అనే చెప్పాలి.

మబ్బుతునక:
ఇద్దరికీ చాలా థాంక్స్, ఇన్నాళ్లకి అర్థమైంది. మరి ఆ ఎముకలు కదలకుండా బిగుసుకుపోతే పూర్తిగా చెవుడు వచ్చేస్తుందా?

ధ్వనిబాట:
పూర్తిగా రాదండి. ఓటోస్క్లెరోసిస్ అని ఒక జబ్బు ఉంది, అందులో స్టేపీస్ కిటికీకి అతుక్కుపోతుంది. గాల్లోంచి వచ్చే శబ్దం బాగా తగ్గుతుంది కానీ కాక్లియా బాగుంటే పుర్రె ఎముక గుండా వెళ్లే శబ్దం వినపడుతుంది, అందుకే డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్క్‌ని చెవి వెనక ఎముక మీద ఆనించి కూడా చూస్తారు. ఆపరేషన్ చేసి స్టేపీస్ బదులు చిన్న కృత్రిమ ముక్క పెడితే చాలామందికి మళ్లీ వినపడుతుంది. హెయిర్ సెల్స్ పోతేనే అసలు కష్టం, పక్షుల్లో మళ్లీ పుడతాయి కానీ మనకి పుట్టవు. అందుకే హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తగ్గించండి అని కనపడ్డ ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను.

ఆలాపన:
ఇంకొక్కటి, పెద్ద శబ్దం వస్తే స్టేపీస్‌ని పట్టుకునే ఒక చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుకుంటుంది. కానీ అది బిగుసుకోవడానికి కొంచెం టైం పడుతుంది, పేలుడు లాంటి శబ్దం అంతలోపే లోపలికి వెళ్లిపోతుంది, కాబట్టి అలాంటి చోట దాన్ని నమ్ముకోకుండా ఇయర్ ప్లగ్స్ ముందే పెట్టుకోండి.