పత్రంలో రహస్య గుర్తు ఉందని, దాన్ని అందుకున్నవాళ్లకి చెప్పాలా వద్దా?

నీలిదీపం:
కొన్నేళ్ల క్రితం నేనొక సంస్థలో అనువాదాలు చేసేదాన్ని. ఒక అంతర్గత నివేదిక ముసాయిదాని మాలో కొంతమందికి పీడీఎఫ్‌గా పంపారు. రెండు వారాలకి అది బయట తేలింది. ఆ మర్నాడే నా పక్క సీటావిడని లోపలికి పిలిచి "బయటికెళ్లింది మీ కాపీయే" అన్నారు. మా కంటికి అన్నీ ఒకేలా కనిపించాయి గానీ, ఒక్కొక్కరి కాపీలో కొన్ని వరుసల్ని వెంట్రుకవాసి పైకో కిందికో జరిపి ఉంచారట. బయటపడిన పేజీని కొలిస్తే ఆవిడ కాపీతో సరిపోయింది.

ఆవిడ చేసిందల్లా ఆ పేజీలు ప్రింటు తీసుకుని మీటింగ్‌కి తెచ్చి, అయిపోయాక బల్ల మీదే వదిలేసి రావడం. ఎవరు తీసుకెళ్లారో ఇప్పటికీ తెలీదు. ఆ గుర్తు ఏ కాపీయో చెప్పగలదు, ఏ చెయ్యో చెప్పలేదు. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లకి రెండూ ఒకటే అయిపోయాయి. ఆవిడ ఉద్యోగం పోయింది.

అందుకే అడుగుతున్నాను. గుర్తు ఎక్కడుందో, ఎలా వేశారో చెప్పకండి, సరే. ఉందన్న సంగతైనా చెప్పాలి కదా? తన పేరు ఆ కాగితంలో దాగి ఉందని తెలిస్తే ఆవిడ దాన్ని బల్ల మీద వదిలి వచ్చేదే కాదు.

అచ్చుపని:
నీలిదీపం గారూ, మీ సహోద్యోగికి జరిగింది అన్యాయమే. కానీ నేను మీతో ఏకీభవించలేను. నేను చాలా ఏళ్లుగా సర్టిఫికెట్లు, బాండ్ పేపర్లు అచ్చువేసే చోట డిజైన్ చేస్తున్నాను.

మా పనిలో భద్రత మూడు అంచెలుగా ఉంటుంది. మొదటిది ఎవరైనా చూసి, తడిమి తెలుసుకునేది: వెలుతురుకి ఎదురుగా పెడితే కనిపించే నీటిగుర్తు, వేలికి తగిలే ఉబ్బెత్తు అచ్చు. నీటిగుర్తు సంగతికొస్తే అది ఇటలీలోని ఫాబ్రియానోలో 1282 నుంచీ ఉన్న విద్య. రెండోది సాధనం ఉంటే కనిపించేది: అతినీల కాంతిలో మెరిసే సిరా, భూతద్దంలో చూస్తే గీత కాస్తా అక్షరాలుగా మారే సూక్ష్మ ముద్రణ. మూడోది జారీచేసిన వాళ్లకి మాత్రమే తెలిసింది. దొంగ మొదటి రెండింటినీ ఎంత కష్టపడైనా అనుకరిస్తాడు. మూడోది ఉందనే తెలియదు కాబట్టి అక్కడ దొరికిపోతాడు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఫోటోకాపీ తీస్తే "చెల్లదు" అన్న మాట పైకి తేలే కాగితం చూసే ఉంటారు. నేపథ్యమంతా సన్నటి చుక్కలు, ఆ మాట ఉన్న చోట కాస్త పెద్ద చుక్కలు. రెండు చోట్లా సిరా పరిమాణం సమానం కాబట్టి కంటికి ఒకే రంగులా కనిపిస్తుంది. కాపీ యంత్రం సన్న చుక్కల్ని సరిగా పట్టుకోలేదు, పెద్దవాటిని పట్టుకుంటుంది. దాంతో మాట బయటపడుతుంది. ఈ కిటుకు అందరికీ తెలిశాక ఏమైంది? మంచి స్కానర్ పెట్టి, రిజల్యూషన్ పెంచి, ఆ మాటని చెరిపేసి ప్రింటు తీస్తున్నారు. చెప్పిన ప్రతి రహస్యంతోనూ మేం ఒక మెట్టు కోల్పోతాం. నిజంగా చదివి పాసైనవాడి సర్టిఫికెట్ విలువ పోతే బాధపడేది కూడా ఒక మనిషే.

సున్నాఒకటి:
అచ్చుపని గారూ, కాగితం విషయంలో మీ మాట కాదనను. డిజిటల్‌కి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1883లోనే కెర్కాఫ్స్ అనే ఆయన సైనిక సంకేతాల గురించి రాస్తూ, పద్ధతి శత్రువు చేతిలో పడినా ఇబ్బంది రాకూడదు, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలి అన్నాడు. వాటర్‌మార్కింగ్‌లో, అంటే బొమ్మల్లో, పాటల్లో ఇలా గుర్తు దాచే పనిలో, గట్టి పద్ధతులు అలాగే నడుస్తాయి.

బొమ్మ సంగతి తీసుకోండి. దాన్ని నేరుగా పిక్సెళ్లుగా కాకుండా పౌనఃపున్యాలుగా, అంటే వెలుగునీడలు ఎక్కడ మెల్లగా, ఎక్కడ వేగంగా మారుతున్నాయన్న లెక్కగా విడదీస్తారు. అందులో కంటికి ముఖ్యమైన అంశాల్లోనే, ఒక రహస్య సంఖ్యతో పుట్టించిన యాదృచ్ఛిక సంఖ్యల వరుసని చాలా స్వల్పంగా కలుపుతారు. 1997లో కాక్స్ బృందం ప్రచురించిన పద్ధతి ఇదే. ముఖ్యం కాని చోట దాస్తే జేపెగ్‌గా కుదించినప్పుడే ఎగిరిపోతుంది. ముఖ్యమైన చోట దాస్తే, గుర్తుని చెరపాలంటే బొమ్మనే పాడుచేసుకోవాలి. పద్ధతి ప్రపంచమంతా చదువుకోవచ్చు. ఆ సంఖ్య తెలియనివాడికి వరుస ఎక్కడుందో తెలియదు.

పద్ధతిని దాచిపెట్టి నమ్ముకుంటే ఏమవుతుందో 2000లో సంగీత పరిశ్రమ చూసింది. పాటల్లో వేయబోయే గుర్తుల్ని విరగ్గొట్టండి చూద్దాం అని సెప్టెంబరులో సవాలు విసిరారు. వివరాలేవీ ఇవ్వలేదు. పాటల నమూనాలు మాత్రం ఇచ్చారు. సుమారు మూడు వారాల గడువులోనే ప్రిన్స్‌టన్‌లో ఉండే ఎడ్వర్డ్ ఫెల్టెన్, ఆయన బృందం వాటర్‌మార్కుల్ని ఓడించామని ప్రకటించారు. ఆ పరిశోధన ప్రచురించొద్దని బెదిరిస్తూ ఉత్తరం కూడా వెళ్లింది. చివరికి 2001 ఆగస్టులో అది సదస్సులో బయటికొచ్చింది.

నీలిదీపం గారూ, మీరు చెప్పిన వరుసలు జరిపే విద్య 1990ల్లో బెల్ ల్యాబ్స్ వాళ్లది. అంగుళంలో మూడువందలో వంతు జరిపినా, ఫోటోకాపీ తీశాక కూడా కొలవగలిగేవారు.

పాతవిలేఖరి:
నేను వార్తల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు ప్రాణంతో సమానం. మాకు కాగితాలు తెచ్చిచ్చేవాళ్లు తమని తాము పణంగా పెట్టి తెస్తారు.

కలర్ లేజర్ ప్రింటర్లు చాలావాటిలో పేజీ నిండా పసుపు చుక్కలు పడతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు. తెల్ల కాగితం మీద పసుపు కంటికి ఆనదు, నీలిరంగు ఎల్ఈడీ వెలుగులో భూతద్దం పెడితే నల్లగా కనిపిస్తాయి. 2005లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు జెరాక్స్ డాక్యుకలర్ ప్రింటరు చుక్కల్ని చదివి చూపించారు. పదిహేను నిలువు వరుసలు, ఎనిమిది అడ్డ వరుసలు. అందులో ప్రింటు తీసిన తేదీ, సమయం, యంత్రం సీరియల్ నంబరు ఉన్నాయి. కొన్న మనిషికి ఇదంతా ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. దొంగనోట్ల కోసం మొదలుపెట్టిన పని ప్రతి మనిషి ఇంట్లో ప్రతి పేజీ మీదా పడుతోంది.

2017లో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని ఒక రహస్య పత్రాన్ని పత్రికకి పంపింది. ఆ పత్రిక స్కాన్‌ని ఉన్నదున్నట్టు పెట్టేసింది. మే 9, ఉదయం 6:20 అని అందులో చుక్కలు చెబుతున్నాయి. ఆమెకి అయిదేళ్ల మూడు నెలల జైలు పడింది.

సున్నాఒకటి:
ఒక్క దిద్దుబాటు, ఈ మాట చాలాచోట్ల తప్పుగా తిరుగుతోంది. స్కాన్‌లో చుక్కలు ఉన్నది నిజం. కానీ ఆమెని చుక్కలే పట్టించాయని కోర్టు పత్రాల్లో లేదు. ఆ పత్రాన్ని ప్రింటు తీసినవాళ్లు ఆరుగురని లోపలి లాగ్‌లో తేలిందనీ, ఆ ఆరుగురిలో ఆమె కంప్యూటరు నుంచే ఆ పత్రికకి ఈమెయిల్ వెళ్లిందనీ దర్యాప్తు అధికారి రాశారు. పేజీల మీద మడతలు కనిపించడంతో ఎవరో ప్రింటు తీసి తీసుకెళ్లారని ఊహించారట. చుక్కల్ని ఎవరైనా చదివారో లేదో ఆ పత్రంలో లేదు.

మీ భయం అర్థమవుతోంది. ఈ చుక్కల గురించే 2018లో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాటిని గుర్తించి చదవలేని విధంగా కప్పేసే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు.

పాతవిలేఖరి:
దిద్దినందుకు కృతజ్ఞతలు, ఇకపై అలా చెప్పను. అయినా నా భయం తగ్గదు. చదివారో లేదో తెలియకపోవడమే అసలు సమస్య. ఒకవేళ చదివి ఉన్నా, ఆ సంగతి తెలియకుండా ఆమె న్యాయవాది దాన్ని ప్రశ్నించలేడు కదా. నా తర్వాతివాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: స్కాన్ ఎప్పుడూ పెట్టకండి, మళ్లీ టైపు చేయండి. మాటల్లో కూడా తేడాలు పెట్టి ఉండొచ్చు కాబట్టి వీలైతే వాక్యాల్ని యథాతథంగా వాడకండి.

చీకటిగది:
ఫోటోలు తీసి బతికేవాణ్ణి నేను. నా వైపు నుంచి కూడా వినండి. నా ఫోటోల మీద పెద్దగా పేరు వేస్తే కత్తిరించేస్తారు. మెటాడేటాలో, అంటే ఫైలుకి జతగా ఉండే వివరాల్లో పేరు పెడితే, అప్‌లోడ్ చేయగానే చాలా సైట్లు దాన్ని తుడిచేస్తాయి. స్క్రీన్‌షాట్ తీస్తే అసలే మిగలదు. 2021లో అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్ లాంటివి కలిసి మొదలుపెట్టిన సీ2పీఏ సంతకాలకీ (బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే డిజిటల్ సంతకాలు) ఇదే ఇబ్బంది. సంతకం ఉంటే గట్టి సాక్ష్యమే, కానీ ఫైలు నుంచి ఊడిపోతే ఏమీ ఉండదు. మిగిలేది బొమ్మలోనే కలిసిపోయిన గుర్తు. అది ఉందని నేను చాటుకుంటే, దొంగ ముందు ఓ గంట దాన్ని చెరిపే పనిలో ఉంటాడు. నా కష్టం కాపాడుకోవడానికి నాకున్న ఒకే ఒక్క దారి అది.

ఇంకో సంగతి. పాటల సాహిత్యం పెట్టే జీనియస్ అనే సైటు తన పేజీల్లో నిలువు అపాస్ట్రఫీలనీ వంపు అపాస్ట్రఫీలనీ ఒక వరుసలో కలిపి వాడింది. మోర్స్ కోడ్‌లా చదివితే "రెడ్ హ్యాండెడ్" అని వస్తుంది. అదే వరుస గూగుల్ వెతుకులాట ఫలితాల్లో దొరికింది. 2019లో కోర్టుకి వెళ్లారు. ఓడిపోయారు. సాహిత్యం హక్కులు ఆ సైటువి కావన్నారు. అంటే గుర్తు దొరికినంత మాత్రాన న్యాయం దొరకదు. అందుకే ఉన్న కాస్త అవకాశాన్నీ వదులుకోమంటే నాకు కష్టంగా ఉంటుంది.

నీలిదీపం:
చీకటిగది గారూ, మీ ఫోటోలో మీ పేరే దాచుకుంటున్నారు. అది మీ సొత్తు మీద మీ సంతకం. నేను అడుగుతున్నది ఎదుటివాళ్ల పేరు వాళ్లకి తెలియకుండా వాళ్ల చేతిలో పెట్టడం గురించి. అచ్చుపని గారి సర్టిఫికెట్లు కూడా ఇంతే. అందులో దాగింది జారీచేసినవారి గుర్తు, పట్టుకున్నవారి మీద నిఘా లేదు. వాటిని దాచుకోండి, నాకు అభ్యంతరం లేదు. మొదట్లో నేను ఈ తేడా చెప్పకపోవడం నా పొరపాటు.

అచ్చుపని:
ఈ తేడా ఒప్పుకుంటాను. అయినా ఒక చిక్కుంది. మీ పేరిట గుర్తు ఉందని పదిమందికీ చెప్తే, వాళ్లలో ఇద్దరు తమ కాపీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఉన్న చోటల్లా గుర్తే. రెండింటినీ కలిపి మూడో కాపీ తయారుచేస్తే అది ఎవరిదీ కాదు. చెప్పకపోతే ఆ ఆలోచనే రాదు.

సున్నాఒకటి:
ఆ దాడికి లెక్కలవాళ్లు ఎప్పుడో సమాధానం వెతికారు. 1995లో బోనె, షా అనే ఇద్దరు మొదలుపెట్టారు, 2003లో టార్డోష్ దాన్ని బాగా కుదించాడు. ఎవరి కాపీలో ఏ గుర్తులు పెట్టాలో చెప్పే కోడ్‌ని పరిచిన తీరువల్ల, కొంతమంది కలిసి తమ కాపీలు కలిపేసినా కనీసం ఒకరైనా బయటపడతారు. అమాయకుడి మీద పడే అవకాశం ఎంత ఉండాలో ముందే నిర్ణయించుకోవచ్చు. ఖర్చేమిటంటే, కుట్రలో కలిసేవాళ్లు పెరిగేకొద్దీ కోడ్ పొడవు ఆ సంఖ్య వర్గంతో పెరుగుతుంది. సినిమాలో ఇముడుతుంది, రెండు పేజీల ఉత్తరంలో ఇమడదు. కాబట్టి చిన్న పత్రాల విషయంలో అచ్చుపని గారి మాటలో బలం ఉంది.

చెప్పినా పనిచేసిందనడానికి మాత్రం ఒక ఉదాహరణ ఉంది. ఆస్కార్ ఓటర్లకి పంపే సినిమా టేపుల్ని 2003 చివర్లో, జాగ్రత్తగా చూసుకుంటామని సంతకం పెట్టినవాళ్లకే, ఒక్కో దాంట్లో వేరే గుర్తుతో ఇచ్చారు. 2004 మొదట్లో కొన్ని సినిమాలు ఇంటర్నెట్‌లో తేలాయి. గుర్తు ఒక సభ్యుడి టేపుల దగ్గరికి వెళ్లింది. ఆయన వాటిని ఒక పరిచయస్థుడికి ఇచ్చానని ఒప్పుకున్నాడు, సభ్యత్వం పోయింది. సంతకం పెట్టాడు కాబట్టి టేపుల్ని జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత తనదని ఆయనకి ముందే తెలుసు. నీలిదీపం గారి సహోద్యోగికి ఆ అవకాశమే రాలేదు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది. 2000లోనే పరిశోధకులు, గుర్తు వేసిన ఒక బొమ్మ నుంచి ఆ గుర్తుని అంచనావేసి బయటికి తీసి, దానికి సంబంధం లేని వేరే బొమ్మ మీద అతికించి చూపించారు. అంటే గుర్తు దొరికిందంటే ఆ కాపీ అక్కడి నుంచే వచ్చిందని కూడా ఖాయంగా చెప్పలేం. ఇప్పుడు ఏఐ బొమ్మల్లో గూగుల్ 2023 నుంచి సింథ్‌ఐడీ అని దాచి వేస్తోంది. దాని విషయంలోనూ ఇదే ప్రశ్న అడగాలి: గుర్తు లేకపోతే బొమ్మ నిజమని కాదు, ఉంటే ఎవరూ అతికించలేదని కాదు. నిందపడ్డవాళ్లు దీన్ని వాదించాలంటే, గుర్తు ఉందన్న సంగతి వాళ్లకి తెలియాలి.

అచ్చుపని:
అతికించడం గురించి నేను ఆలోచించలేదు. మా కాగితాల్లో అది ఇంత తేలిక కాదు. సరే, మనిషిని పట్టిచ్చే గుర్తు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సర్టిఫికెట్ల మూడో అంచె మాత్రం ఎవరికీ చెప్పను.

పాతవిలేఖరి:
నాకు ఇంకా సందేహమే. ఉందని చెప్పడం మొదలుపెడితే, ప్రతి ఆఫీసూ ప్రతి కాగితం మీదా ఆ వాక్యం అచ్చేస్తుంది, గుర్తు ఉన్నా లేకపోయినా. భయంతో ఎవరూ ఏమీ బయటికి తేరు. నాకు తెలియకుండా గుర్తు వేసే ఆఫీసు కంటే, అందర్నీ నోరుమూయించే ఆఫీసు మంచిదేమీ కాదు.

నీలిదీపం:
మీ సందేహానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అబద్ధపు హెచ్చరిక వేయడం కూడా తప్పే అని మాత్రం అనగలను. నేను కోరే వాక్యం ఇది: "ఈ కాపీలో మీ పేరిట గుర్తు ఉంది. దీని ఆధారంగా మీ మీద చర్య తీసుకోవాల్సి వస్తే, ఆ గుర్తుని మీరు ఎంచుకున్న నిపుణుడితో పరీక్ష చేయించుకోవచ్చు." రెండో వాక్యం సున్నాఒకటి గారి పోస్టు చదివాక చేర్చాను. అప్పట్లో ఎవరైనా అది ఇచ్చి ఉంటే, బల్ల మీద వదిలిన కాగితాల గురించి నా సహోద్యోగి చెప్పింది వాళ్లు వినాల్సి వచ్చేది. ఈ చర్చ లింకు ఆవిడకి ఈ రాత్రే పంపుతున్నాను.