కొండపల్లి బొమ్మలు: తయారీ చూడటం, ఆన్‌లైన్‌లో అమ్మడం

కృష్ణలంక_కుర్రోడు:
ఈ శని, ఆదివారాల్లో కొండపల్లిలో బొమ్మలు చేసే ఇళ్లు, గుంటూరు మిర్చియార్డు చూద్దామని. కొన్ని బొమ్మలు కొని ఆన్‌లైన్‌లో పెడితే ఏం చూసుకోవాలి?

బెజవాడ_బండి:
యార్డుకి శని, ఆదివారాలు సెలవండి, పనిరోజు పొద్దున్నే వెళ్లాలి. కొండపల్లిలో షాపు ముందుగది చూసి వచ్చేయకండి, పని జరిగేచోటు చూపించమని అడగండి. తెల్ల పొణికి కర్రలో తేమ పోయేదాకా సెగ చూపిస్తారు. చేతులు, కాళ్లు విడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు. కొనేటప్పుడు ఆ అతుకులే చూడాలి. చీలిక కనిపిస్తే వద్దు. బేరం మరీ గీచి ఆడకండి, అది బాగోదు.

పార్సిల్_పంతులు:
విరిగేది ఎప్పుడూ ఏనుగు తొండం, అంబారీ స్తంభాలే. ముందు టిష్యూ పేపరు, పైన బబుల్ ర్యాప్. రంగు పూర్తిగా ఆరకముందే న్యూస్‌పేపరు చుడితే అక్షరాలు బొమ్మ మీదికొస్తాయి. అట్టపెట్టెలో బొమ్మ చుట్టూ 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంచి కాగితం కుక్కండి. ఇక్కడే నష్టం: చాలా కొరియర్లు పెట్టె పొడవు×వెడల్పు×ఎత్తును (సెంటీమీటర్లలో) 5000తో భాగించి బరువు కడతాయి. 30×20×20 పెట్టెలో అరకిలో బొమ్మ పెట్టినా 2.4 కిలోల చార్జీ. పెట్టె కొలిచాకే ధర పెట్టండి.

గుంటూరు_గుమాస్తా:
మార్కెట్‌ప్లేస్‌లో (అమెజాన్ లాంటి అమ్మకాల సైటులో) బయటి రాష్ట్రాలకు అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. మన రాష్ట్రం వరకే అయితే, పరిమితిలోపు టర్నోవరు ఉన్నవాళ్లకు 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ బదులు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరు సరిపోతోంది. కారం కూడా అమ్మేట్టయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు లేబుల్ మీద ఉండాలి.