దుబాయ్‌లో చెక్కు బౌన్స్‌కి జైలు తీసేయడం చిన్న వ్యాపారికి మేలా, నష్టమా?

షార్జా హార్డ్‌వేర్
ఇండస్ట్రియల్ ఏరియాలో నట్లు, బోల్టులు, పైపు ఫిట్టింగులు సప్లై చేస్తాను. ఇక్కడ సరుకంతా పోస్ట్ డేటెడ్ (రాబోయే తారీఖు వేసిన) చెక్కుల మీదే నడుస్తుందని అందరికీ తెలుసు. 2022 జనవరి 2 నుంచి యూఏఈలో చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది ఇక క్రిమినల్ కేసు కాదు. అంతకుముందు "పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా" అన్న ఒక్క మాటకే సాయంత్రానికి డబ్బు చేతికొచ్చేది. ఇప్పుడో? నాకు బాకీ ఉన్న ఒక కాంట్రాక్టర్ మూడు చెక్కులిస్తే మొదటిదే తిరిగొచ్చింది. 80 వేల దిర్హాములు. ఫోన్ చేస్తే "కోర్టుకెళ్ళండన్నా, మీ హక్కు కదా" అంటున్నాడు, నవ్వుతూ. ఈ మార్పు ఎగ్గొట్టేవాళ్ళకి వరం అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు చెప్పండి.

కరామా క్యాటరింగ్
నేను కాదంటాను. షాపు అద్దెకి ఏడాదికి నాలుగు చెక్కులు, వ్యాన్‌కి చెక్కులు, బియ్యం హోల్‌సేలర్‌కి చెక్కులు... ఇవన్నీ సంతకం పెట్టి ఇచ్చేశాక నాకు రావలసిన డబ్బు రాకపోతే నేనేం చేయాలి? 2020లో కోవిడ్ టైంలో ఆఫీసులన్నీ మూసేశారు, మాకు ఆర్డర్లు ఇచ్చే కంపెనీలు బిల్లులు ఆపేశాయి. అప్పుడు మా వంటవాళ్ళ జీతాల కంటే తారీఖు దగ్గరపడుతున్న చెక్కుల టెన్షనే ఎక్కువ. మోసగాడికీ, చేతిలో డబ్బాడనివాడికీ ఒకే సెల్లు ఏమి న్యాయం? లోపల కూర్చున్నవాడు అప్పు ఎలా తీరుస్తాడు?

లీగల్ డెస్క్ (దుబాయ్‌లో ఒక న్యాయ సలహా ఆఫీసులో పని)
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. జైలు పూర్తిగా పోలేదు. చెక్కు ఇచ్చి తారీఖుకి ముందే ఖాతా మూసేసినా, అందులో ఉన్నదంతా తీసేసినా, డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకి చెప్పినా, చెల్లకుండా ఉండాలని కావాలనే సంతకం తేడాగా పెట్టినా ఇప్పటికీ నేరమే.

ఇంకోటి. దుబాయ్‌లో 2 లక్షల దిర్హాముల లోపు చెక్కులకి 2017 చివరి నుంచే జైలు బదులు జరిమానా వేస్తున్నారు. 50 వేల లోపుకి 2 వేలు, లక్ష లోపుకి 5 వేలు, 2 లక్షల లోపుకి 10 వేలు. అంటే షార్జా అన్న 80 వేల చెక్కు దుబాయ్‌దైతే, పాత పద్ధతిలో కూడా అవతలివాడు 5 వేలు కట్టి బయటికొచ్చేవాడు. ఆ 5 వేలు ప్రభుత్వానికి. అన్న డబ్బు కోసం మళ్ళీ సివిల్ కేసు.

ఇప్పుడు ఆ సివిల్ కేసు అక్కర్లేదు, అసలు మార్పు అదే. బ్యాంకు వాపసు ముద్ర ఉన్న చెక్కే ఎగ్జిక్యూషన్ పత్రం, అంటే కోర్టు తీర్పులాగే నేరుగా అమలు చేయించుకునే కాగితం. నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టులో ఫైల్ తెరిపించి ఖాతాల అటాచ్‌మెంట్ (జప్తు), ట్రావెల్ బ్యాన్ అడగొచ్చు. ఖాతాలో కొంత ఉంటే బ్యాంకు ఆ కొంతైనా ఇచ్చితీరాలి. 80 వేల చెక్కుకి ఖాతాలో 11 వేలుంటే ఆ 11 మీకిచ్చి, మిగతా 69 వేలు బాకీ అని చెక్కు మీద రాసి తిరిగిస్తారు. దాంతో కోర్టుకెళ్ళొచ్చు.

షార్జా హార్డ్‌వేర్
చదవడానికి బావుంది లీగల్ గారూ. చెక్కు కంపెనీ పేరు మీద ఉంది. ఆ కంపెనీకి ఉన్నది ఒక అద్దె ఆఫీసు, రెండు పాత పికప్‌లు. అటాచ్ చేస్తే నాకేం వస్తుంది, స్టెప్నీ టైరా?

ఇంకా ఒకటి ఎవరూ మాట్లాడట్లేదు. మెయిన్‌ల్యాండ్ (ఫ్రీజోన్ బయటి) కంపెనీలో 51 శాతం లోకల్ స్పాన్సర్‌ది, అంటే ఇక్కడి పౌరుడైన భాగస్వామిది, ఉండాలన్న రూలు చాలా వ్యాపారాలకి 2021 జూన్ నుంచి తీసేశారు. మంచిదే, స్పాన్సర్ ఫీజు మిగిలింది. కానీ ఇదివరకు బాకీ మొండికేస్తే ఆ స్పాన్సర్ ఆఫీసుకెళ్ళి కూర్చునేవాళ్ళం, పరువు కోసం ఆయనే పిలిచి సెటిల్ చేయించేవాడు. ఇప్పుడు పోలీసూ లేడు, స్పాన్సరూ లేడు.

జగిత్యాల వాపసీ
అన్నా, మా దిక్కు సంగతి కూడా వినుండ్రి. బిజినెస్ మునిగి, చెక్కుల భయానికి అన్నీ వదిలేసి ఇంటికొచ్చినోళ్ళు నాకే తెలుసు. మళ్ళీ అక్కడ దిగితే ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకుంటరని తిరిగి పోలేదు. వాళ్ళు అక్కడే ఉండి పని చేసుకుంటే అప్పిచ్చినోళ్ళకి ఎంతోకొంత ముట్టేది. జైలు భయం డబ్బు తేలేదు, మనిషిని విమానం ఎక్కించింది. ఇప్పుడు 2020 జనవరిలో భారత ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌తో దుబాయ్ కోర్టు డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) ఇక్కడి జిల్లా కోర్టులో అమలవుతదట. ఊళ్ళో పొలం జప్తు చేస్తరా?

లీగల్ డెస్క్
చేయించే అవకాశం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద యూఏఈని గుర్తించారు కాబట్టి అక్కడి డిక్రీని ఇక్కడి డిక్రీలాగే అమలు చేయమని అడగొచ్చు. అయితే అదే కోడ్‌లో 13వ సెక్షన్ ఉంది. విదేశీ తీర్పు కేసు మంచిచెడ్డలు విచారించి ఇచ్చిందై ఉండాలి, ప్రతివాదికి చెప్పుకునే అవకాశం దొరికి ఉండాలి. చెక్కు మీద నేరుగా తెరిచిన ఎగ్జిక్యూషన్ ఫైల్‌లో ఆ విచారణే ఉండదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. బాకీదారు ఇండియాకి వెళ్ళిపోయాడని తెలిస్తే షార్ట్‌కట్ వదిలి మామూలు దావా వేసి డిక్రీ తెచ్చుకోమని నేనైతే చెప్తాను.

బేగంబజార్ హోల్‌సేల్
గల్ఫ్‌కి ఎగుమతి చేస్తుంటాను, అందుకే చదువుతున్నా. జైలు ఉంటే డబ్బు వస్తుందనుకునేవాళ్ళు మన 138 సెక్షన్ కేసులు (ఇండియాలో చెక్కు బౌన్స్ కేసులు) చూడండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మెమో వచ్చాక 30 రోజుల్లో నోటీసు, కట్టడానికి 15 రోజులు, తర్వాత నెలలోపు ఫిర్యాదు. రెండేళ్ళ దాకా జైలు, చెక్కుకి రెట్టింపు జరిమానా అని చట్టంలో ఘనంగానే ఉంది. వాయిదాలు మాత్రం ఏళ్ళకేళ్ళు. కోర్టులో కలిసినప్పుడల్లా బాకీదారే నాకు టీ తాగిస్తున్నాడు.

షార్జా హార్డ్‌వేర్
ఆ టీకి కూడా గుడ్ లక్ ఉండాలి 😀 సరే, నా విషయానికొస్తాను. ఆ కాంట్రాక్టర్ కొత్త చెక్కులిస్తాడట, ఆర్నెల్ల తర్వాతి తారీఖులతో. పాతవి మూడూ తిరిగిచ్చేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

లీగల్ డెస్క్
తిరిగొచ్చిన చెక్కు ఒరిజినల్, బ్యాంకు మెమో చేయి దాటనివ్వకండి. మీ కేసు మొత్తం ఆ రెండు కాగితాలే. మిగతా రెంటినీ వాటి తారీఖు వచ్చాక ఆరు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. గడువు పెంచాలనుకుంటే పాత బాకీ ఒప్పుకుంటూ, యజమాని సొంత హామీతో సెటిల్‌మెంట్ రాయించుకోండి. కంపెనీ సంతకం ఒక్కటీ చాలదు.

కరామా క్యాటరింగ్
సొంత హామీ అడిగే ముందు అతనికి మెయిన్ కాంట్రాక్టర్ నుంచి ఎంత రావాలో కూడా అడగండన్నా. ఆ బిల్లు నిజంగా ఇరుక్కుని ఉంటే నెలకి 10 వేల చొప్పున తీసుకోవడమే నయం.

షార్జా హార్డ్‌వేర్
అడుగుతాను. కానీ అతని పాత చెక్కులు ఇవ్వను, కొత్త సరుకూ ఇవ్వను. ఇకమీదట ఎవరికైనా సగం అడ్వాన్స్. కస్టమర్లు పోతే పోనీ.

కరామా క్యాటరింగ్
ఈ మాట మా బియ్యం హోల్‌సేలర్ పోయిన నెలే అన్నాడు. అందుకే ఇప్పుడు నా రొటేషన్ కూడా టైటే.