హాస్టల్ మెస్ పార్శిళ్లకు స్టీలు డబ్బాలు: తిరిగి రావడానికీ, తోమడానికీ దారి ఏమిటి?

ప్రశ్న: మెస్ కమిటీ సభ్యురాలు, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ మహిళా హాస్టల్లో ఉంటూ పీజీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది మెస్ కమిటీలో ఉన్నాను. మా మెస్‌లో సుమారు 300 మంది భోజనం చేస్తారు. వారిలో రోజుకు 90 మంది దాకా పార్శిల్ కట్టించుకొని గదికి తీసుకువెళతారు. జ్వరంతో పడుకున్న స్నేహితురాలికి పట్టుకెళ్లేవారు, ల్యాబులో ఆలస్యమయ్యే వారికోసం ముందే తీసిపెట్టేవారు, పరీక్షల ముందు పుస్తకం వదలలేక గదిలోనే తినేవారు ఇందులో ఉన్నారు. కాబట్టి పార్శిళ్లు మానేయమని చెప్పాలని కమిటీలో ఎవరికీ లేదు. మా బాధంతా అవి కట్టే డబ్బాల గురించే. అన్నానికి ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా, పప్పుకు ఒక చిన్న డబ్బా, రసానికి ఒక కవరు, వీటన్నింటినీ మోయడానికి మరో కవరు. పొద్దున లేచి చూస్తే కుక్కలు లాగిన డబ్బాలు ఆవరణంతా పడి ఉంటాయి, గాలికి లేచిన కవర్లు కంచె పక్క తుమ్మచెట్ల ముళ్లకు చిక్కుకొని ఉంటాయి.

మాది డివైడింగ్ పద్ధతి, అంటే నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవారందరికీ పంచుతారు. ఒక పార్శిల్ డబ్బాలకు 4 రూపాయలు వేసుకున్నా రోజుకు 360, నెలకు 10,800 రూపాయలు అవుతున్నాయి. ఎన్నడూ పార్శిల్ తీసుకోని అమ్మాయిలు కూడా దీన్ని మోస్తున్నారు. అమెరికాలో ఎకర్డ్ కళాశాల వంటి చోట్ల విద్యార్థులకు మూతగల డబ్బా ఇచ్చి, తిన్న తర్వాత తిరిగి తీసుకుని, కడిగి మళ్లీ వాడుతున్నారని చదివి, మనం స్టీలు డబ్బాలతో అదే చేద్దామని ప్రతిపాదన పెట్టాము. వార్డెన్ మేడం కాదనలేదు గానీ రెండు ప్రశ్నలు వేశారు. తిరిగి రాని డబ్బాలకు డబ్బు ఎవరు కట్టాలి? వేసవిలో ట్యాంకరు నీళ్ల మీద నడిచే హాస్టల్లో ఇన్ని డబ్బాలు తోమడానికి నీళ్లు ఎక్కడివి? పోయిన ఏడాది కొన్న స్టీలు గ్లాసులు మూడు నెలల్లో సగం కనబడకుండా పోయాయి కనుక, ఆమె భయం న్యాయమైనదే. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఇంకొక సందేహం కూడా ఉంది. ప్లాస్టిక్‌ను 2022లోనే నిషేధించారు కదా, ఈ డబ్బాలు ఇంకా ఎలా అమ్ముతున్నారు?

జవాబు: హాస్టల్ మెస్ లెక్కలు చూసిన ఉద్యోగి, కర్నూలు

అమ్మా, ముందు చివరి సందేహం తీరుస్తాను. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమలైన నిషేధం కొన్ని వస్తువులకే వర్తిస్తుంది. ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, ఫోర్కులు, చెంచాలు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, మూత ఉన్న పార్శిల్ డబ్బా అందులో లేదు. క్యారీబ్యాగుల మాట వేరు. 2022 డిసెంబరు 31 నుంచి అవి 120 మైక్రాన్ల మందానికి తగ్గకూడదు. కాబట్టి మీ పార్శిల్ వెంట ఇచ్చే ప్లాస్టిక్ చెంచా, పలుచని సంచీ తప్పు అవుతాయి గానీ, నల్ల డబ్బా అమ్మేవాణ్ని ఆ జాబితా చూపించి ఆపలేము.

ఇక అసలు విషయం. మేము ఒకసారి ఇలాంటి ప్రయత్నమే చేసి దెబ్బతిన్నాము, అది ఎందుకు చెడిందో చెప్పడం మీకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. మేము ప్రతి విద్యార్థికీ ఒక డబ్బా ఇచ్చి, "ఇది నీది, నువ్వే కడుక్కొని తెచ్చుకో" అన్నాము. రెండు వారాలు బాగానే సాగింది. తర్వాత కొందరు సరిగా కడగని డబ్బాలు తెచ్చారు, వాటి అంచుకు తగిలిన గరిటె మళ్లీ పప్పు గుండిగలోకి వెళ్లింది. వడ్డించే అన్నలు ఇక మేము పెట్టలేమన్నారు, వారి తప్పు ఏమీ లేదు. డబ్బా మరచి వచ్చిన పిల్లలకు అన్నం లేదనలేక మళ్లీ ప్లాస్టిక్ డబ్బా తీశాము. ఒకసారి తీస్తే ఇక అంతే, నెల తిరిగేసరికి అందరూ మరచి రావడం మొదలుపెట్టారు.

నా అభిప్రాయంలో డబ్బా విద్యార్థిది కాకూడదు, మెస్‌ది కావాలి. అమెరికా క్యాంపస్‌లలో చాలాచోట్ల చేసేది ఇదే. విద్యార్థి ఏడాది మొదట కొంత సొమ్ము కట్టి ఒక బిళ్ల (టోకెన్) తీసుకుంటాడు. బిళ్ల ఇస్తే శుభ్రమైన డబ్బా ఇస్తారు, ఎంగిలి డబ్బా తిరిగి ఇస్తే బిళ్ల చేతికి వస్తుంది. అంటే ఒక్కొక్కరి దగ్గర ఎప్పుడూ ఒకే ఒక వస్తువు ఉంటుంది, డబ్బా గానీ బిళ్ల గానీ. రిజిస్టరులో ఎవరి పేరూ రాయనక్కరలేదు, ఎవరినీ వెంటపడి అడగనక్కరలేదు. మీరు 200 రూపాయలు డిపాజిట్‌గా తీసుకొని, హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు బిళ్ల తెచ్చిన వారికి ఆ 200 తిరిగి ఇవ్వండి. డబ్బా వెల కంటే డిపాజిట్ తక్కువ ఉంటే మాత్రం డబ్బా ఇంటికి వెళ్లిపోతుంది. మీ గ్లాసులు పోవడానికి కారణం పిల్లల దుర్బుద్ధి అని నేను అనుకోను, వాటిని తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా వారికి ఏ తేడా లేకపోవడమే.

ఎన్ని కొనాలో కూడా చూసుకోండి. 90 పార్శిళ్లకు 90 డబ్బాలు చాలవు. గదుల్లో కొన్ని, తోమే చోట కొన్ని, ఆరేవి కొన్ని ఉంటాయి కనుక 220 దాకా కావాలి. ఒక్కొక్కటి 180 రూపాయలనుకుంటే 39,600 అవుతుంది. మీరు ఇప్పుడు రోజుకు పెడుతున్న 360తో భాగిస్తే 110 రోజుల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది. తోమేవారికి అదనంగా ఇచ్చే కూలి కలిపితే ఇంకొంత కాలం పడుతుంది. ఆ కూలిని లెక్కలో దాచకండి.

జవాబు: జర్మనీలో చదివి వచ్చిన కడప వాసి

పై అన్నగారి మాటకు ఒకటి చేర్చాలి. నేను జర్మనీలో ఉన్నప్పుడు, తిరిగి వాడే రీకప్ అనే కప్పుకు 1 యూరో, అదే సంస్థ గిన్నెకు 5 యూరోలు డిపాజిట్ తీసుకునేవారు. ఒక కొట్టులో తీసుకున్న కప్పును ఆ పథకంలో ఉన్న ఏ కొట్టులోనైనా ఇచ్చి డబ్బు వెనక్కు తీసుకోవచ్చు. 2023 జనవరి 1 నుంచి అక్కడి చట్టం ప్రకారం, మరీ చిన్న కొట్లు తప్ప, పార్శిల్ ఇచ్చే హోటళ్లన్నీ తిరిగి వాడే పాత్రలో ఇచ్చే వీలు కూడా కల్పించాలి. అయితే నేను గిన్నెలు తిరిగి ఇచ్చింది చట్టానికి భయపడి కాదు, ఇచ్చే చోటు నా దారిలో ఉండబట్టి. మీరు కూడా డబ్బాలు తిరిగి తీసుకునే తొట్టిని మెస్ లోపల మాత్రమే పెట్టకండి. హాస్టల్ మెట్ల దగ్గర ఒకటి, ల్యాబుల వైపు ఒకటి పెట్టి, అక్కడే బిళ్ల ఇచ్చే మనిషినో ఏర్పాటునో చూడండి.

జవాబు: విశ్రాంత హోంసైన్సు అధ్యాపకురాలు, అనంతపురం

అమ్మా, మీ వార్డెన్ గారి రెండవ ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపించింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా మనది. ఇక్కడ నీటి లెక్క వేయకుండా చెత్త తగ్గించామని చెప్పుకోవడం సరికాదు.

కుళాయి తిప్పి దాని కింద తోమితే ఒక డబ్బాకు రెండు మూడు లీటర్లు తేలికగా పోతాయి, 90 డబ్బాలకు 200 లీటర్లు దాటుతుంది. అదే మూడు తొట్ల పద్ధతిలో, అంటే మొదటి తొట్టిలో సబ్బునీళ్లు, రెండవదాంట్లో జాలించే నీళ్లు, మూడవదాంట్లో వేడినీళ్లు పెట్టుకుంటే, నీళ్లు ఒకటి రెండుసార్లు మార్చినా అందులో సగం సరిపోతుంది. మూడవ తొట్టి నీళ్లు చల్లారాక పారబోయకండి, మరుసటి విడత సబ్బునీళ్లకు అవే పనికొస్తాయి. అయితే ఈ పద్ధతి నిలబడాలంటే డబ్బాలు మెతుకులు ఎండిన స్థితిలో రాకూడదు. అన్నం గంజి ఎండి స్టీలుకు పట్టిందంటే దాన్ని వదిలించడానికే నీళ్లన్నీ అయిపోతాయి. తిన్న వెంటనే అర గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి, ఒకసారి ఊపి ఉంచమని పిల్లలకు చెప్పండి. ఆ అర గ్లాసు తోమే ఆమెకు ఎంతో శ్రమ తగ్గిస్తుంది. ఎంగిలి మెతుకులు ముందే వేరే బకెట్లో దులిపితే మొదటి తొట్టి త్వరగా పాడవదు.

వేడినీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చేతితో కడిగే పాత్రలను క్రిమిరహితం చేయడానికి అమెరికా ఆహార నియమావళి 77 డిగ్రీల సెల్సియస్ నీటిలో 30 సెకన్లు ముంచాలని చెబుతుంది. మేడ మీది సోలార్ హీటరు నీళ్లు నేరుగా ఆ వేడికి రావడం కష్టం. మీ మెస్‌లో అన్నం ఆవిరి బాయిలరు మీద వండుతుంటే, సోలార్ నీళ్లలోకే ఆ ఆవిరి గొట్టం పెట్టి వేడి పెంచవచ్చు. చెయ్యి పెట్టలేని వేడి కనుక డబ్బాలను జాలీబుట్టలో పేర్చి బుట్టనే ముంచాలి. తీసిన తర్వాత గుడ్డతో తుడవవద్దు, ఒకే గుడ్డ 90 డబ్బాలను తుడిస్తే ఇంత శ్రమా వృథా అవుతుంది. తీగల చట్రం మీద బోర్లిస్తే మన ఎండకు ఎంతసేపు ఆరాలి?

ఇంకొక మాట, కాస్త పక్కదే అయినా చెబుతాను. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. నెల తిరిగేసరికి స్టీలు మీద తెల్లని పొర కడుతుంది, అది మురికి అని పిల్లలు అసహ్యపడతారు. రసానికి పిండిన చింతపండు పిప్పి మెస్‌లో ఎలాగూ మిగులుతుంది, వారానికి ఒకసారి దానితో రుద్దిస్తే పొర పోతుంది.

పర్యావరణం లెక్కలో కూడా తొందరపడకండి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పార్శిల్ డబ్బాలను పోల్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాను 18 సార్లు వాడితే గానీ దాని కర్బన భారం (తయారీకీ వాడకానికీ వెలువడే కర్బన వాయువుల లెక్క) ఒక్కసారి వాడే థర్మోకోల్ డబ్బాతో సమానం కాదని తేల్చారు. స్టీలు తయారీకి ఇంధనం బాగా పడుతుంది కనుక, దాన్ని కొని అటక మీద పెట్టే కంటే కొనకపోవడమే మేలు. మీ డబ్బా ఏళ్ల తరబడి తిరగాలి, అప్పుడే మీరు పెట్టిన ప్రతిపాదనకు అర్థం ఉంటుంది.

జవాబు: పాత్రల వ్యాపారి, కడప

కొనేముందు స్టీలు గ్రేడు, అంటే ఏ రకమో, అడగండి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తక్కువ, వెల కూడా తక్కువ, ఉప్పూ పులుపూ రోజూ తగిలితే ముందుగా మచ్చపడేది అదే. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది అనుకుంటారు, ఈ రెండూ అయస్కాంతానికి అంటవు కనుక ఆ పరీక్షతో తేలదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. అంచు మడతలో సందు లేని డబ్బా తీసుకోండి, లేకపోతే అక్కడ పప్పు చేరి వాసన వస్తుంది. మూతకూ డబ్బాకూ ఒకే నంబరు కొట్టించండి.

ప్రశ్న వేసిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. డబ్బా మెస్‌దే, చేతిలో బిళ్ల అన్న పద్ధతిని నిన్న కమిటీలో చెప్పగానే అందరూ ఒప్పుకున్నారు. తోమే అక్కలిద్దరినీ కూడా పిలిచి అడిగాము. వారు మూడు తొట్లకు సరేనన్నారు గానీ, తొట్లు నేల మీద కాకుండా నడుమెత్తు అరుగు మీద ఉండాలని కోరారు. అది ముందుగా మాకు తోచనందుకు బాధగా ఉంది. ఆ అరుగు ఖర్చు కూడా లెక్కలో చేర్చాము. మొదట 60 డబ్బాలతో ఒక్క రాత్రి భోజనానికి మొదలుపెడతాము. ఒక చిక్కు మిగిలింది. చికెన్ పెట్టిన డబ్బాలో తర్వాత తాము తినలేమని శాకాహారులైన కొందరు అమ్మాయిలు చెప్పారు. వారి మాట కొట్టివేయాలని నాకు లేదు.

జవాబు: మెస్ లెక్కలు చూసిన ఉద్యోగి, కర్నూలు

కొట్టివేయకూడదమ్మా. వారికోసం 15 డబ్బాలు వేరుగా పెట్టి, మూత మీద గుండ్రని గుర్తు చెక్కించండి. రంగు వేస్తే వేడినీళ్లకు పోతుంది. వారి బిళ్ల కూడా వేరే ఆకారంలో ఉంటే వడ్డించే అన్న అడగకుండానే సరైన డబ్బా తీస్తాడు. ఆ డబ్బాలను తొట్లలో నీళ్లు మార్చిన వెంటనే, మిగతావాటికంటే ముందు తోమిస్తే వేరే తొట్ల అవసరం కూడా ఉండదు.