మా ఊరికి చెత్త కరెంటు ప్లాంటు వస్తుందట, దగ్గర్లో ఉంటున్నవాళ్ళు చెప్పండి

అద్దెకొంప_నాని · శని, రాత్రి 9:40
అందరికీ నమస్తే. ఎనిమిదేళ్ళుగా అద్దె ఇల్లు. ఊరి చివర 200 గజాల ప్లాటు ఒకటి చూశాం. రేటు మరీ చవగ్గా ఉందేంటా అనుకుంటే నిన్న తెలిసింది. అక్కడికి 3 కిలోమీటర్లలో పాత డంపింగ్ యార్డు ఉంది. చుట్టుపక్కల మున్సిపాలిటీల చెత్త, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళది కూడా అక్కడికే తెచ్చి, కాల్చి కరెంటు తీస్తారట. వాసన ఎంత దూరం వస్తుంది? పొగ సంగతేంటి, మా పాపకి ఆయాసం ఉంది. బోరు నీళ్ళు పాడవుతాయా? అసలు కొనొచ్చా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పల్నాటి_మిరప · శని, రాత్రి 10:05
మా జిల్లాలో కొండవీడు దగ్గర ఉందిగా బ్రదర్, 15 మెగావాట్లది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి చెత్తంతా అక్కడికే. మా చేను అటే కానీ దూరం, వాసన సంగతి నేను చెప్పలేను. నా బాధ వేరు. మన చెత్తతో కరెంటు చేసి అమ్ముకుంటారు, యూనిట్‌కి ఇంత అని తీసుకుంటారు. మరి అప్పట్లో నా దగ్గర నెలకు 120 చెత్త పన్ను ఎందుకు లాగారు? పాలు పోసినవాడి దగ్గరే డబ్బు తీసుకునే డెయిరీ ఎక్కడన్నా ఉంటుందా?

రిటైర్డ్_ఎస్ఐ · శని, రాత్రి 10:31
మిరప గారూ, చెత్త పాలు కాదు. ఇంటి గుమ్మం నుంచి ప్లాంటు గేటు దాకా దాన్ని మోసేదెవరు? డీజిల్ ఎవరిస్తారు? నేను 31 ఏళ్ళు ఎస్ఐగా చేశాను. పన్ను తీసేశారని సంబరపడ్డారు, సరే. ఆ ఖర్చు ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

చిల్లరకొట్టు · శని, రాత్రి 10:33
పోలీసుగారికి చెత్త సంగతులు ఎలా తెలుసు సార్?

రిటైర్డ్_ఎస్ఐ · శని, రాత్రి 10:40
శానిటరీ ఇన్‌స్పెక్టర్. పొద్దున 5 గంటలకి వర్కర్ల హాజరు మస్టర్ దగ్గర నిలబడిన ఎస్ఐని. ఈ జోకు నేను ఉద్యోగంలో చేరిన రోజునుంచీ వింటున్నా.

బాయిలర్_బాబు · శని, రాత్రి 11:12
నాని గారూ, నేను ఇలాంటి ప్లాంటులో నాలుగేళ్ళు షిఫ్టు చేశాను, ఏ ప్లాంటో మాత్రం చెప్పను. లారీ వే బ్రిడ్జి మీద తూగి వచ్చి పిట్‌లో దించుతుంది. పిట్ అంటే మూడు నాలుగంతస్తుల లోతు బావి అనుకోండి. పైన గాజు క్యాబిన్‌లో క్రేన్ ఆపరేటర్ కూర్చుని, ఆరు వేళ్ళ ఇనప పంజాతో చెత్తను ఎత్తి పోస్తూ ఉంటాడు. వచ్చింది వచ్చినట్టు కాల్చరు. వారం దాకా అలాగే మగ్గబెడతారు. నీళ్ళు అడుక్కి దిగిపోతాయి, లోపల వేడి పుట్టి కొంచెం ఆరుతుంది. శీతాకాలం తెల్లవారుజామున పిట్ మీద ఆవిరి లేస్తుంటే అచ్చం ఉడుకుతున్న గంగాళంలా ఉంటుంది.
వాసన: పిట్ హాల్లో గాలిని ఫ్యాన్లు లాగి పొయ్యిలోకే పంపుతాయి. ప్లాంటు నడుస్తుంటే వాసన లోపలే. ఆగిందా, తలుపులు తీసి ఉన్నాయా, అయిపోయింది. కాబట్టి మీరు అడగాల్సింది «వాసన వస్తుందా» అని కాదు, «ఏడాదికి ఎన్ని రోజులు ఆగుతుంది, ఆగినప్పుడు లారీలు ఎక్కడ దించుతాయి» అని.
మన చెత్తతో అసలు బాధ తడి. సగానికి సగం నీళ్ళే. కిలో నీళ్ళు ఆవిరవడానికే 600 కిలోకేలరీల దాకా కావాలి. పుచ్చకాయల సీజను, కొబ్బరి బోండాల సీజను వస్తే మాకు చెమటలు. బోండాం మండదు.

పెళ్ళిభోజనం_క్యాటరింగ్ · శని, రాత్రి 11:30
బోండాం మండదా? మా అమ్మమ్మ జీవితాంతం కొబ్బరి డొక్కలతోనే కాగులో నీళ్ళు కాచింది. ఇంజనీర్లు పొయ్యి ముట్టించి చూడాలి ఒకసారి.

బాయిలర్_బాబు · శని, రాత్రి 11:34
అవి ఎండు డొక్కలు మేడమ్. రోడ్డు మీద తాగి పడేసిన పచ్చి బోండాం గురించి నేను చెప్పేది. దాని బరువులో చాలాభాగం నీళ్ళే.

పెళ్ళిభోజనం_క్యాటరింగ్ · శని, రాత్రి 11:41
పది రోజులు ఎండబెడితే ఎండవా? అంత పెద్ద ప్లాంటు కట్టినవాళ్ళు ఒక కళ్ళం వేసుకోలేరా?

కోనసీమ_రాజు · శని, రాత్రి 11:50
మా దగ్గర పీచు మిల్లులు డొక్క కోసం డబ్బిచ్చి కొంటాయి. మీరేమో దాన్ని తగలబెట్టడానికి కొట్టుకు చస్తున్నారు. పచ్చి బోండాం పీచు మాత్రం మంచిది కాదు, ముదురు కాయదే కావాలి. అది వేరే సంగతి.

బాయిలర్_బాబు · ఆది, ఉదయం 12:04
కళ్ళం వెయ్యాలంటే రోజుకి వెయ్యి టన్నుల చెత్త పరచాలి. ఎకరాలు కావాలి, పైన వాన. కాకులకి కూడా చెప్పండి రావద్దని.

పెళ్ళిభోజనం_క్యాటరింగ్ · ఆది, ఉదయం 12:10
వెటకారం వద్దు. మాకు మాత్రం రోజుకి 100 కిలోలు దాటితే మీ చెత్త మీరే చూసుకోవాలి అని రూలు చూపించి నోటీసు ఇచ్చారు. మొన్న ముహూర్తాల్లో ఒక్క పూటకి 1,200 ఆకులు లేచాయి. ఎక్కడ పెట్టుకోను, వంటగదిలోనా? ఆ తడిసిన అరిటాకులు మీ ప్లాంటుకి వద్దు, మున్సిపాలిటీ బండికి వద్దు, పశువులకి వేస్తే పెరుగన్నం పులిసి కడుపు ఉబ్బిందని రైతు వచ్చి పోట్లాడాడు. నాకు దారి చెప్పండి ముందు.

దుబాయ్_శీను · ఆది, ఉదయం 1:15
దుబాయ్‌లో వర్సాన్ ప్లాంటు 220 మెగావాట్లు. నేను ఉండే ఇంటర్నేషనల్ సిటీకి పక్కనే. ఏ గొడవా లేదు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్‌లో అయితే ప్లాంటు పైకప్పు మీద స్కీయింగ్ చేస్తున్నారు, 2019 నుంచి. మనవాళ్ళకి చేతకాదు అంతే.

చిల్లరకొట్టు · ఆది, ఉదయం 7:20
శీనన్నా, అక్కడి చెత్తబుట్టలో అట్టపెట్టెలు, ఇక్కడి చెత్తబుట్టలో రసం. ముందు అది చూడు.

పాతకాలం_ఇంజనీరు · ఆది, ఉదయం 8:02
డెన్మార్క్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ యంత్రాలతోనే ప్లాంటు పెట్టారు. రోజుకి 300 టన్నులు అన్నారు. 21 రోజులు నడిచి ఆగిపోయింది. కారణం ఒకటే, మన చెత్తలో వేడి లేదు. తర్వాత 2003 ప్రాంతంలో విజయవాడలో 6 మెగావాట్లది, షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్లది వచ్చాయి. ఊక కలిపి మండించాల్సి వచ్చింది. అవీ మూతపడ్డాయి. మన చెత్త మండదండీ, మండుతుందని చెప్పేవాడు అమ్మకానికి వచ్చినవాడు.

బాయిలర్_బాబు · ఆది, ఉదయం 8:30
సార్, విజయవాడ, ఎలికట్టవి ఆర్‌డీఎఫ్ ప్లాంట్లు. చెత్తను ఆరబెట్టి, దంచి, ఇటుకల్లా చేసి కాల్చే పద్ధతి. ఇప్పటివి కదిలే గ్రేటు మీద, అంటే పొయ్యి అడుగున కదిలే ఇనప కమ్మీల మీద, నేరుగా కాల్చేవి. హైదరాబాద్ దగ్గర జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలై 24కి పెరిగింది. పైగా 1987 నాటి చెత్తా ఇప్పటి చెత్తా ఒకటేనా? అప్పుడు బొగ్గు కుంపటి బూడిద, ఊడ్చిన మట్టి. ఇప్పుడు పాల ప్యాకెట్లు, కవర్లు, డైపర్లు, ఆన్‌లైన్ పార్సిల్ అట్టలు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ప్లాస్టిక్ పెరగబట్టే పొయ్యి వెలుగుతోంది.

పాతకాలం_ఇంజనీరు · ఆది, ఉదయం 8:41
అంటే ప్లాస్టిక్ తగ్గితే ప్లాంటు ఆగిపోతుందనేగా. నేను చెప్పిందే మీరూ చెప్పారు, ఇంకొంచెం పొడుగ్గా.

పాతసామాన్ల_బాషా · ఆది, ఉదయం 9:15
ఇంజనీర్లు కొట్టుకోండి. వాటర్ బాటిల్, ఇనుము, అట్ట, బీరు సీసా మేం ఏరుకుంటాం. మాకూ వద్దనేది చిప్స్ కవరు, చిరిగిన కవరు, చెప్పు. మీ పొయ్యికి వెళ్ళాల్సింది అదే. కానీ ఇప్పుడు ఇంటి నుంచి బండి, బండి నుంచి లారీ, లారీ నుంచి పిట్. మధ్యలో చెయ్యి పెట్టడానికి లేదు. యార్డు గేటు మూశాక మా దగ్గరికి సరుకు తెచ్చే ఆడవాళ్ళు 14 మంది నుంచి 5కి వచ్చారు. ఆ ప్లాంటులో కరెంటు వస్తే వాళ్ళ ఇంట్లో పొయ్యి ఆగింది.

బాయిలర్_బాబు · ఆది, ఉదయం 9:40
బాషా అన్నా, అది నిజం. నేనేం అనను.
ఇంకో నిజం కూడా చెప్తా. లారీకి టన్ను లెక్కన డబ్బు అనేసరికి చెత్తతో పాటు కాలవలో తీసిన సిల్టు, ఇళ్ళు కూల్చిన మట్టి కూడా తూగేవి. ఒకసారి పంజా ఎత్తితే అందులో ఒక తులసికోట మొత్తం ఉంది. దిమ్మెతో సహా. రాళ్ళు గ్రేటులో ఇరుక్కుని రెండు రోజులు షట్‌డౌన్. ఇక పాత చీరలయితే చెప్పక్కర్లేదు, చుట్టుకున్నాయంటే కత్తి పట్టుకుని కోస్తూ కూర్చోవాలి.

రిటైర్డ్_ఎస్ఐ · ఆది, ఉదయం 10:02
ఇదిగో, మట్టి కలిపింది ఎవరు? మా డిపార్ట్‌మెంటా? ఋజువుందా? చలి, వాన, కరోనా అని చూడకుండా పనిచేసిన వర్కర్ల మీద ఊరికే బురద చల్లుతున్నారు.

బాయిలర్_బాబు · ఆది, ఉదయం 10:05
వర్కర్లని ఎవరన్నారండీ? లారీ కాంట్రాక్టు అన్నాను.

రిటైర్డ్_ఎస్ఐ · ఆది, ఉదయం 10:09
అదే కాంట్రాక్టు బిల్లు మీద సంతకం నాదేనయ్యా 31 ఏళ్ళు!

చిల్లరకొట్టు · ఆది, ఉదయం 10:10
మరి ఋజువు దొరికింది.

మోడరేటర్ · ఆది, ఉదయం 10:30
రెండు పోస్టులు తొలగించాను. ఉద్యోగం, పార్టీ, కులం జోలికి వెళ్తే థ్రెడ్ మూసేస్తా. చెత్త గురించి మాట్లాడుకోండి.

డాబాతోట · ఆది, ఉదయం 11:20
మా ఇంట్లో రెండేళ్ళుగా తడి చెత్త గుమ్మం దాటలేదు. పాత సిమెంటు తొట్టి, అడుగున కొబ్బరి పీచు, పైన కూరగాయ తొక్కలు, పుల్లమజ్జిగ, ఎండాకులు. 45 రోజులకి ఎరువు. ఈ సారి బీరకాయ చూశారా, చెయ్యంత! అందరూ ఇలా చేస్తే ప్లాంటుకి పొడి చెత్తే వెళ్తుంది, మీ బాయిలరూ బాగుపడుతుంది. మా ఎదురింటావిడ మూడు రంగుల డబ్బాలూ వాడుతుంది, ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో చింతపండు.

రిటైర్డ్_ఎస్ఐ · ఆది, ఉదయం 11:48
ఆ డబ్బాలు పంచింది మేమే. నవ్వాలో ఏడవాలో.

యార్డు_పక్కోడు · ఆది, మధ్యాహ్నం 2:15
ఒక్కలు గూడ ఆయన అడిగిందానికి జవాబు చెప్తలేరు. నేను చెప్త. మా ఇల్లు ఒక యార్డుకు రెండున్నర కిలోమీటర్లు. పేరు రాయను, రాస్తే ప్లాట్ల రేట్లు పడుతయని మా కాలనీ ప్రెసిడెంట్ నన్ను తింటడు.
వాసన దూరంతోని కాదు అన్నా, గాలితోని, వానతోని. ఎండకాలం పొద్దుగాల పోయి చూసి మంచిగుందని కొనకు. వానలు పడ్డంక మూడో దినం, రాత్రి పదకొండింటికి పోయి నిలబడు. గాలి ఆగిపోయి బరువుగ ఉన్నప్పుడు వస్తది అసలు వాసన. బట్టలు ఆరేస్తె బట్టలకు పడ్తది. ఈగలు ఎట్లంటే, చుట్టమొస్తే చాయ్ మీద సాసర్ మూత పెట్టి ఇస్తం.
బోరు నీళ్ళు: మాది నాలుగేండ్ల సంది నురుగొస్తుంది. ట్యాంకర్ పోయించుకుంటున్నం. ఇది కొత్త ప్లాంటు తప్పు కాదు, ముప్పై ఏండ్ల పాత కుప్ప నుంచి దిగిన నల్లనీళ్ళు. ప్లాంటు కొత్త చెత్తను కాలుస్తది, పాత గుట్టను ఎవడు కాలుస్తడు? అది అడుగు.

పల్నాటి_మిరప · ఆది, మధ్యాహ్నం 2:40
ఇదీ జవాబంటే.

బాయిలర్_బాబు · ఆది, సాయంత్రం 4:00
పక్కోడు అన్న మాట నూటికి నూరు. జవహర్‌నగర్ పాత గుట్టకి అందుకే పైన షీటు పరిచి, మట్టి కప్పి క్యాపింగ్ చేశారు. మీ దగ్గర పాత కుప్పకి ప్లానేంటో కాగితం మీద చూడండి.
పాప ఆయాసం గురించి: చిమ్నీ నుంచి తెల్లగా కనిపించేది ఎక్కువగా ఆవిరి. పొయ్యిలో 950 డిగ్రీలు, వాయువు రెండు సెకన్లన్నా అక్కడ ఉండాలి. తర్వాత సున్నం, యాక్టివేటెడ్ కార్బన్, గుడ్డ సంచుల ఫిల్టర్లు. ధూళి, సల్ఫర్ వగైరా మీటర్లు నిమిషం నిమిషం చూపిస్తాయి, గేటు దగ్గర బోర్డు కూడా ఉండాలి. కానీ అందరూ భయపడే డయాక్సిన్లనే విషపదార్థాలు ఆ బోర్డు మీద కనిపించవు. పరిమితి ఘనపు మీటరుకి 0.1 నానోగ్రాము, అప్పుడప్పుడు శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది. ఆ రిపోర్టులు అడిగి తీసుకోండి. ఇంకోటి, వెయ్యి టన్నులు కాలిస్తే 200 టన్నుల దాకా అడుగు బూడిద మిగులుతుంది. ఫిల్టర్లలో చిక్కే మెత్తటి బూడిద తక్కువే కానీ విషం అందులోనే. దాన్ని ఎక్కడ పూడుస్తారు అన్నది అసలు ప్రశ్న.

పాతకాలం_ఇంజనీరు · ఆది, సాయంత్రం 4:25
ఇంతా చేసి 15 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే రోజుకి 3 లక్షల 60 వేల యూనిట్లు, అందులో సొంత వాడకం పోవాలి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం బొగ్గు కరెంటు ప్లాంటులో కొత్త యూనిట్ ఒక్కటే 800 మెగావాట్లు.

బాయిలర్_బాబు · ఆది, సాయంత్రం 4:31
కరెంటు కోసం ఎవరు పెట్టారు సార్? కుప్ప తగ్గించడానికి. కరెంటు కొసరు.

పాతకాలం_ఇంజనీరు · ఆది, సాయంత్రం 4:33
బోర్డు మీద పేరు అలా రాయలేదు మరి.

అద్దెకొంప_నాని · బుధ, రాత్రి 10:50
అందరికీ థ్యాంక్స్. సోమవారం రాత్రి వాన పడింది. పక్కోడు అన్న చెప్పాడని మంగళవారం రాత్రి 11కి నేనూ మా ఆవిడా బండి మీద వెళ్ళాం. యార్డు మలుపులో టీ కొట్టు తీసే ఉంది, లారీ డ్రైవర్ల కోసం. వాసనెలా ఉంటుంది అని అడిగితే టీ పోస్తూ «ఏ వాసనండీ?» అన్నాడు. నిజంగా అడుగుతున్నాడు, వెటకారం కాదు. మా ఆవిడ అప్పటికే చున్నీ ముక్కుకి రెండు చుట్లు చుట్టుకుంది. టీ అలాగే వదిలేసి వచ్చాం.
సమస్య ఏంటంటే మా మామగారు ఆదివారం పొద్దున్నే 50 వేలు అడ్వాన్సు ఇచ్చేశారు, మాకు చెప్పకుండా, సర్‌ప్రైజ్ అని.

పల్నాటి_మిరప · బుధ, రాత్రి 10:58
అడ్వాన్సు కాగితం మీద ఏం రాశారు? తిరిగిస్తారా?

రిటైర్డ్_ఎస్ఐ · బుధ, రాత్రి 11:05
లేఅవుట్ అప్రూవల్ ఉందో లేదో చూడండి. ఫోటో పంపితే నేను చూసి చెబుతా.

చిల్లరకొట్టు · బుధ, రాత్రి 11:06
31 ఏళ్ళ అనుభవం.

పెళ్ళిభోజనం_క్యాటరింగ్ · గురు, ఉదయం 6:40
డాబాతోట గారూ, మీ తొట్టి పద్ధతి పెద్ద డ్రమ్ముల్లో పెట్టించాను, పది డ్రమ్ములు. తెల్ల పురుగులు పడ్డాయి. పారబొయ్యనా?

డాబాతోట · గురు, ఉదయం 6:52
పారబొయ్యకండి! ఎండాకులు, రంపపు పొట్టు ఎక్కువ వెయ్యండి, తడి తగ్గాలి. పెరుగన్నం మాత్రం వెయ్యకండి.

పెళ్ళిభోజనం_క్యాటరింగ్ · గురు, ఉదయం 6:55
అదేనండీ అందులో ఉన్నదంతా.