రీగన్-ఫాసెల్ ఫెలోషిప్: కుంటలు కొలిచే పని ప్రజాస్వామ్యం కిందికి వస్తుందా?

కదిరి_టేపు:

అందరికీ నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. పదకొండేళ్లు ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో, అంటే రాసిన లెక్కకీ ఊళ్లో జరిగిన పనికీ పొంతన ఉందో లేదో చూసే పనిలో ఉన్నాను, మొదట ఊరి టీమ్‌లో, తర్వాత డీఆర్‌పీగా (జిల్లా రిసోర్స్ పర్సన్). రెండేళ్ల కిందట మానేశాను. ఇప్పుడు నలుగురం కలిసి చిన్న సంఘం నడుపుతున్నాం. పింఛన్లు, రేషన్, ఆర్టీఐ అర్జీలు, ఇవే పనులు. జిల్లా పేపర్లో నెలకోసారి కాలమ్ రాస్తాను.

హైదరాబాద్‌లో ఒక మీటింగ్‌కి వెళ్తే వాషింగ్టన్‌లో ఇచ్చే రీగన్-ఫాసెల్ ఫెలోషిప్ గురించి చెప్పారు. ఐదు నెలలు అక్కడుండి మన పని గురించి మనమే ఆలోచించి రాసుకోవచ్చట. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తీరా వివరాలు చూస్తే ప్రజాస్వామ్య కార్యకర్తలకు, పండితులకు అని ఉంది. పండితురాలిని ఎలాగూ కాను. కార్యకర్తనో కాదో కూడా తెలీదు. నేను చేసిందల్లా టేపు పట్టుకుని నీటికుంటల్లోకి దిగడం.

ఒక ఊళ్లో ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) కుంట లోతు రెండు మీటర్లని రాసుంది. దిగి నిలబడితే గట్టు నా మోకాలి దాకా కూడా రాలేదు. ఫీల్డ్ అసిస్టెంట్ ‘వానకి పూడిపోయింది మేడం’ అన్నాడు. (ఆ ఏడు మా వైపు వాన ఎక్కడ పడిందో ఆయనకే తెలియాలి.) గట్టు మీద కూర్చున్న అవ్వ ఒకామె ‘పూడేదానికి ముందు తవ్వుండాల కదమ్మా’ అనింది. ఆడిట్‌లో తేలింది అందరి ముందు చదివే ప్రజావేదికలో మైకు పట్టుకుని కూడా అదే మాట అనింది. తిన్న డబ్బు వెనక్కి కట్టాలని రికవరీ రాశారు. ఆ దుడ్డు కట్టించారా లేదా అని కనపడినప్పుడల్లా నన్ను అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.

నేను చదివింది తెలుగు మీడియం, డిగ్రీ దూరవిద్యలో. నాలాంటివాళ్లను తీసుకుంటారా? విదేశీ డబ్బు తీసుకుంటే సంఘానికి ఇబ్బందా? మా అమ్మ టెన్షన్ ఇంకొకటి: ‘ఆ దేశం పోయినోళ్లు తిరిగి రారు’ అని.

ఏజెన్సీ_బాట:

అక్కా, ఆ ఐదు నెలలు నేను ఉండి వచ్చాను. చాలా ఏళ్లయింది. అందుకే ముందే చెప్తున్నా: ఆ ఫెలోషిప్ నడిపే ఎన్‌ఈడీకి (నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ) డబ్బు ప్రధానంగా అమెరికా కాంగ్రెస్ నుంచి వస్తుంది. 2025 మొదట్లో ఆ నిధులు ఆగితే వాళ్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. కాబట్టి ఈసారి దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకున్నాకే రాయడానికి కూర్చోండి.

2001లో మొదలైన ఫెలోషిప్ ఇది. పీహెచ్‌డీ లాంటివి అడిగేది పరిశోధకులనే. క్షేత్రంలో పనిచేసేవాళ్లకు వేరే దారి ఉంది, మీరు అందులో వేయండి. నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా, రానుపోను టికెట్ ఇస్తారు. డిగ్రీ చదువుకి, ఫీల్డ్‌వర్క్‌కి ఇవ్వరు. ఇంగ్లీషు కావాలి. గొప్పగా అక్కర్లేదు కానీ పదిమంది ముందు నిలబడి చెప్పి, వాళ్లడిగితే జవాబివ్వగలగాలి. నేను మూడు నెలలు రోజూ అద్దం ముందు మాట్లాడాను, మా ఆవిడ నవ్వుతూనే ఉంది.

మొదటిసారి నాకు రాలేదు. రెండు పేజీల నిండా సుపరిపాలన, సాధికారత అని నింపాను మరి. రెండోసారి పాడేరు వైపు చూసిన ఒక గ్రామసభ తీర్మానం పుస్తకంతో మొదలుపెట్టాను. అరవై సంతకాలు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. మీకు ఆ అవ్వ మాట ఉంది కదా, అక్కడ మొదలుపెట్టండి. ప్రాజెక్టు కూడా ఆమె అడిగే ప్రశ్నే: తప్పు తేలి, రికవరీ రాశాక కూడా డబ్బు ఎక్కడ ఆగుతోంది? ఐదు నెలలకు అది సరిపోతుంది. ‘భారతదేశంలో జవాబుదారీతనం’ అని మాత్రం పెట్టకండి, దానికి ఐదు జన్మలు చాలవు.

ఒక సంగతి ఎవరూ ముందు చెప్పరు. నా పక్క బల్ల ఆవిడ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనుషుల పేర్లు గానీ ఊరి పేరు గానీ పలికేది కాదు. ‘పెద్దది’, ‘చిన్నది’, ‘అక్కడ’, అంతే. నేను మాత్రం మా ఎంపీడీవోని పేరు పెట్టి తిట్టి ఫోన్ పెట్టేసేవాణ్ని. మొదటి నెలంతా నాకు సిగ్గుగా ఉండేది.

కోర్టు_గుమ్మం:

లాయరుగా రెండు మాటలు. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ 2010, సెక్షన్ 3 ప్రకారం విదేశీ విరాళం తీసుకోకూడని వాళ్లలో ప్రభుత్వ ఉద్యోగులతో పాటు రిజిస్టరైన పత్రికల కాలమిస్టులు కూడా ఉన్నారు. అంటే మీరూ వస్తారమ్మా. కంగారు పడకండి, స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివాటికి సెక్షన్ 4లో మినహాయింపు ఉంది. అది మీ సొంత ఖాతాలోకే రావాలి. సంఘం ఖాతాలోకి ఒక్క డాలరు కూడా రానివ్వద్దు. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉంటే తప్ప ఆ డబ్బు ముట్టకూడదు.

అమ్మగారికి ఇది చెప్పండి: ఇలాంటి ఫెలోషిప్‌లకు సాధారణంగా జే-1 (ఎక్స్చేంజ్ విజిటర్) వీసా ఇస్తారు. సర్కారు సొమ్ముతో వెళ్లినవాళ్లు తిరిగొచ్చి సొంత దేశంలో రెండేళ్లు ఉంటేగానీ హెచ్-1బీకో గ్రీన్‌కార్డుకో వెళ్లలేరు. మీకు ఆ షరతు ఉందో లేదో వీసా కోసం వాళ్లు పంపే డీఎస్-2019 కాగితం మీద చూసుకోండి.

ఎర్రమట్టి:

నేను వెళ్లొద్దనే అంటాను. ఎన్‌ఈడీ 1983లో రీగన్ హయాంలో పుట్టింది. దాని పుట్టుకలో పాలుపంచుకున్న ఆలెన్ వైన్‌స్టైన్ 1991లో వాషింగ్టన్ పోస్ట్‌తో ఏమన్నాడో వెతకండి: మేం ఇప్పుడు చేసే పనుల్లో చాలావాటిని పాతికేళ్ల కిందట సీఐఏ గుట్టుగా చేసేదని. రేపు ప్రజావేదికలో మీరు లేచి నిలబడగానే ‘అమెరికా డబ్బు తిన్నావు’ అని ఒక్కడంటే చాలు, కుంట లోతు సంగతి అందరూ మర్చిపోతారు.

ఏజెన్సీ_బాట:

అన్నా, నన్ను అన్నారు, నిజమే. దానికి నేను చేసిందల్లా ఒకటే. వచ్చిన నెలలోనే మా గ్రామసభలో ఎంతిచ్చారో, దేనికి ఖర్చయిందో, ఏం రాశానో చదివి వినిపించాను. ఇద్దరు ఇప్పటికీ అంటూనే ఉంటారు. మిగతావాళ్లు అక్కడ మంచు ఎలా ఉంటుందని అడిగారు.

కదిరి_టేపు:

అందరికీ థ్యాంక్స్. ఎర్రమట్టి అన్నా, మీ మాట తీసిపారేయడం లేదు. సంఘంలో కూర్చుని మాట్లాడాకే వేస్తాను. స్టైపెండ్ లెక్క ఊళ్లో చదివేది ఎలాగూ నాకు అలవాటైన పనే.

ఇంకో డౌటు. సిఫారసు ఉత్తరాలు ఎవరితో రాయించాలి? మా ఆడిట్‌లో రికవరీ పడిన ఒక ఇంజినీరు ఉన్నారు, ఇప్పుడు రిటైరయ్యారు. ఆ రోజు ప్రజావేదికలో నా మీద గట్టిగా అరిచారు. తర్వాత తన వాటా మొత్తం కట్టేసి, రసీదు జిరాక్స్ నాకు పంపించారు. ఆయన్నే అడుగుదామనుకుంటున్నా, నవ్వకండి.

ఏజెన్సీ_బాట:

నవ్వను గానీ, ఆ రసీదు జిరాక్స్ ఇంకా ఉందా?