తాహో సరస్సు ఒడ్డున కేబిన్ కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పైన్‌కాయ: ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో. తాహోలో నీళ్ల పక్కనే పాత కేబిన్ ఒకటి చూశాం. సరస్సు సగం కాలిఫోర్నియాలో, సగం నెవాడాలో కదా, ఇది కాలిఫోర్నియా వైపు. ఆ నీళ్లు చూసొచ్చినప్పటి నుంచి మా ఆవిడకి ఇంకో మాట లేదు. బీమా, పడవ, అద్దెకివ్వడం, నెవాడా వైపు మేలా... తెలిసింది చెప్పండి.

మంచుపార: బీమా సంగతి తేలాకే మిగతావి. 2021లో కాల్డోర్ అడవి మంటలకి సౌత్ లేక్ తాహో ఊరంతా ఖాళీ చేశాం కదా, ఆ తర్వాత మా బీమా కంపెనీ రెన్యూ చేయం పొమ్మని ఉత్తరం పడేసింది. చివరికి ఫెయిర్ ప్లానే గతి, ఎవరూ బీమా ఇవ్వనివాళ్లకి కాలిఫోర్నియాలో ఉండే ఆఖరి దారి. అది ముఖ్యంగా నిప్పుకీ పొగకీ, దొంగతనానికి ఇంకో పాలసీ కట్టుకుంటున్నా. కొటేషన్ చేతికి రాకుండా ఆఫర్ పెట్టకు తమ్ముడూ.

ఒడ్డుకాపు: ముందున్న ఇసుక కూడా మనదేనా కాదా చూసుకో, అసలు సుఖం అదే. మొన్న ఎవరో కుక్కనేసుకుని మా ఇంటి ముందు నుంచి పోతుంటే వెనక్కి పంపించా.

సర్వేరాయి: మీది ఏ వైపు? కాలిఫోర్నియా అయితే పంపించే హక్కు మీకు లేదు. 1981లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. సరస్సు నీళ్లు తగ్గినప్పటి గీత 6,223 అడుగుల ఎత్తున, నిండినప్పటి గీత 6,228.75 దగ్గర; ఆ రెండిటి మధ్య పట్టా మీ పేరున ఉన్నా జనం నడవొచ్చు. నెవాడాలో అలా కాదు, కింద 6,223 గీత దాకా సొంతదారుదే.

ఒడ్డుకాపు: పన్ను కట్టేది నేను, నడిచేది వాళ్లా? వానల్లేని ఏడు నీళ్లు వెనక్కి పోతే ఆ ఇసుకంతా రోడ్డేనా?

సర్వేరాయి: అంతే. ఇరవై ఏళ్లుగా హద్దులు కొలిచే పనే నాది, మీలాంటివాళ్లని చాలామందిని చూశా.

ఒడ్డుకాపు: మీలాంటివాళ్లు అంటే?

తేనెడబ్బా: మీ గొడవ ఆపండి బాబూ. మా ఇంట్లో ఎలుగుబంటి దూరింది. తలుపు పగలగొట్టలేదు, గొళ్లెం కిందకి నొక్కి తీసుకుని మర్యాదగా వచ్చింది. ఫ్రిజ్‌లో పెరుగు తప్ప అన్నీ తినేసింది. గుండ్రటి నాబ్ పెట్టించుకోండి.

తెల్లపళ్లెం: నీళ్ల మోజుతో కొనేవాళ్లకి ఒక మాట. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి తెల్ల పళ్లేన్ని నీళ్లలోకి దించి కనబడకుండా పోయే లోతు కొలుస్తారు. 1968లో సగటున 102 అడుగులు, ఈమధ్య అరవై, డెబ్బై చుట్టూ తిరుగుతోంది. మన వాకిళ్లూ రోడ్ల మీంచి కొట్టుకొచ్చే సన్నటి మట్టి కూడా దానికి కారణం. అందుకే చూరు కింద కంకర కాలువ తవ్వి వాననీరు నేలలోకి ఇంకేలా చేయాలి, ఆ పని చేసినట్టు ఇచ్చే కాగితాన్నే బీఎంపీ సర్టిఫికెట్ అంటారు. అమ్మేవాడి దగ్గర ఉందా లేదా అడుగు. లేకపోతే ఆ తవ్వకం నీ నెత్తినే. సిమెంటు ఎంత పరవొచ్చు అన్నదానికీ తాహో చుట్టూ కట్టడాలు చూసే సంస్థ టీఆర్‌పీఏ లెక్కుంది.

మంచుపార: చలికాలం నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేయడం మర్చిపోకు. నేను మర్చిపోయా. మార్చిలో తలుపు తీస్తే చెక్క నేల అప్పడంలా పొంగి ఉంది.

పైన్‌కాయ: అందరికీ థాంక్స్. అద్దె గురించీ పడవ గురించీ ఎవరూ...

తేనెడబ్బా: పడవ అంటే ముందు తనిఖీ. వేరే నీళ్లలో తిప్పింది అడుగున చుక్క తడి లేకుండా తీసుకెళ్లు. నత్తలూ ఆల్చిప్పలూ అంటుకొస్తాయని తనిఖీవాళ్ల భయం.

ఒడ్డుకాపు: సర్వేరాయి గారూ, ఆ 6,228.75 గీత మా మెట్లలో ఏ మెట్టు మీద పడుతుందంటారు?

సర్వేరాయి: కొలిపించుకోండి. కుక్కాయన్ని మాత్రం అప్పటిదాకా నడవనివ్వండి.